గొంతుకు సెలవు

చెవి, ముక్కు, గొంతు చూసే డాక్టరు నా ముక్కులోంచి సన్నటి గొట్టం ఒకటి లోపలికి పంపి, పక్కనున్న తెర మీద నా గొంతును నాకే చూపించారు. ఇన్నేళ్లుగా ఆ గొంతు మీదే బతుకుతున్నాను గానీ దాని మొహం చూడటం అదే మొదటిసారి. రెండు తెల్లటి తీగలు. వాటి అంచుల మీద ఎదురెదురుగా రెండు బుడిపెలు, పడని పొరుగువాళ్లలా ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉన్నాయి.

"సూసిన్రా సార్? అరిచి అరిచి కాయలు కాసినయ్" అన్నారు డాక్టరు, గొట్టం బయటికి తీస్తూ.

"కాయలు కాశాయంటే ఫలించినట్టే కదండీ" అన్నాను. అన్నానని చెప్పుకోవడం గొప్పే. సగం మాట వచ్చింది, సగం గాలి వచ్చింది.

ఆయన నవ్వలేదు. చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నారు. "నెల రోజులు ఒక్క మాట గూడ మాట్లాడొద్దు. గుసగుస అసలే వద్దు, అది ఇంకా ఖరాబ్ జేస్తది. నెలకు మళ్ల రాండ్రి, సూస్తా. తగ్గితే మంచిదే. తగ్గకపోతే ఆపరేషన్ అయితది. అయినంక మీ గొంతు గిట్లనే ఉంటదని నేను మాట ఇయ్యలేను."

"మరి ప్రార్థన...?"

"మనసుల చేసుకోండ్రి. దేవుని చెవులు మంచిగనే ఉంటయ్, నా దగ్గరికి వచ్చే పని లేదు."

"మరి ఆదివారం...?"

ఆయన పెదవుల మీద వేలు పెట్టుకున్నారు. "ఇప్పటి సందే మొదలు."

నేను పాస్టర్ని. మావాళ్లు అయ్యగారూ అంటారు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, మూడు ఊళ్లలో మూడు చిన్న సంఘాలు. మూడింటినీ కలిపినా పెళ్లిలో ఒక బంతికి సరిపోరు. అయినా మూడు ఊళ్లంటే మూడు ఊళ్లే. ఆదివారం తెల్లవారగానే సూర్యాపేటలో బండి ఎక్కేవాణ్ణి. పొద్దున కోదాడ. అక్కడ ఆరాధన ముగించి, ఇంత తిని, హుజూర్‌నగర్ మీదుగా మధ్యాహ్నానికి మిర్యాలగూడ. నేరేడుచర్ల దాటేసరికి దారి పొడుగునా ఉన్న రైసుమిల్లుల తవుడు కొంత నా గొంతులోనే నిల్వ ఉండేది. సాయంత్రానికి మళ్లీ సూర్యాపేట. ఏడో రోజున దేవుడు విశ్రమించాడని మూడు ఊళ్లలో మూడుసార్లు మైకులో అరిచి చెప్పి, రాత్రికి మంచం మీద పడితే విశ్రాంతి గురించి చెప్పి చెప్పి అలిసిపోయిన మనిషిని నేనొక్కణ్ణే అనిపించేది.

లోకానికి ఆదివారం సెలవు కాబట్టి నాకు సోమవారం సెలవు. ఆ సెలవు పెట్టింది నేను కాదు, నా భార్య. దానికి సోమరివారం అని పేరు కూడా పెట్టింది. నా మీద నమ్మకం లేక ఆదివారం రాత్రే బండి తాళంచెవి దాచేసేది. ఎక్కడ దాచేదో చాలాకాలం తెలియలేదు. ఒకసారి బియ్యం కొలుస్తుంటే గ్లాసులో పడింది. మా సంఘాల్లో ఆడవాళ్లు రోజూ అన్నానికి ఎసరు పెట్టేముందు గుప్పెడు బియ్యం దేవుడి పేరిట పక్కన తీసిపెడతారు. ఆదివారం మూటగట్టి మందిరానికి తెస్తారు. అది పాస్టరింటికి వస్తుంది. మూడు ఊళ్ల గుప్పెళ్లు కలిసిన ఆ బియ్యం డబ్బాలో, సన్నాలూ దొడ్డువీ కలిసిన ఆ బియ్యం అడుగున, నా తాళంచెవి సోమవారమంతా హాయిగా నిద్రపోయేది. నేను పోయేవాణ్ణి కాదు. ఇంట్లో అటూ ఇటూ తిరుగుతూ, "తుంగతుర్తిలో ఒకాయన జ్వరంతో ఉన్నాడే, చూసి రావాలి" అని గొణిగేవాణ్ణి.

"ఆయనకు జ్వరం మంగళవారం గూడ ఉంటది, కూసోండి" అనేది.

మూడేళ్ల కిందట జ్వరం ఆమెకే వచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నాం. దవాఖానలో చేర్చాక మామూలుది కాదన్నారు. తర్వాత ఎంతో కాలం పట్టలేదు. భూస్థాపన ఆరాధన నేనే జరిపించాను. ఇంకెవరో వచ్చి చదువుతుంటే పక్కన నిలబడి వినడం నావల్ల కాదనిపించింది. చదివాను, వాక్యం చెప్పాను, ముగింపు ప్రార్థన చేశాను. గొంతు ఎక్కడా తడబడలేదు. అయ్యగారి విశ్వాసం చూడండి అని అందరూ అన్నారు. ఆ వచ్చే ఆదివారం మూడు ఊళ్లకూ వెళ్లాను. ఆ మరుసటి రోజు తాళంచెవి గోడకున్న మేకుకే వేలాడుతూ కనిపించింది. దాచే మనిషి లేదు. సోమవారం పొద్దున్నే తుంగతుర్తి వెళ్లిపోయాను.

అప్పట్నుంచి నాకు సోమరివారం లేదు. ఖాళీ దొరికితే ఒక గృహ ప్రార్థన పెట్టుకునేవాణ్ణి. ఇంకో లాభం కూడా ఉంది. నాకు వంట రాదు. అన్నం వండగలను, ఆ తర్వాత ఏం చేయాలో తెలియదు. ప్రార్థనకు వెళ్లిన ఇంట్లో అన్నం పెట్టకుండా పంపరు. కాబట్టి పని ఉన్న రోజున కూర ఉండేది. రోజూ పని ఉండేలా చూసుకునేవాణ్ణి.

అలాంటివాణ్ణి డాక్టరు నెల రోజులు ఇంట్లో కూర్చోబెట్టారు.

మూడు సంఘాల వాట్సాప్ గ్రూపుల్లోనూ సూటిగా రాశాను: గొంతు పాడైంది, నెల రోజులు మాట్లాడవద్దని డాక్టరు చెప్పారు, ఆదివారాలు రాలేను, మీలోనే ఎవరైనా ఆరాధన నడిపించండి. ఇందులో అర్థం కానిదేమీ లేదనుకున్నాను. కానీ కోదాడ గ్రూపులో మా సంఘ పెద్ద కాసేపటికే నా మాటల కింద తన మాటలు పెట్టాడు. ఆయన కరెంటాఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. ఎక్కడ తీగ తెగినా తానే అతికించాలనుకుంటాడు. "మన అయ్యగారు నెల రోజుల మౌన ఉపవాస ప్రార్థనలో ప్రవేశించారు. దయచేసి ఎవరూ ఇంటికి వెళ్లి ఆటంకపరచవద్దు" అని రాశాడు. పది నిమిషాల్లో అది మిర్యాలగూడ గ్రూపుకూ సూర్యాపేట గ్రూపుకూ చేరింది.

ఇదేమిటని ఆయనకు విడిగా రాశాను. ఆయన ఫోన్ చేశాడు. నేను మాట్లాడలేను కాబట్టి ఎత్తి వింటూ ఉన్నాను.

"వందనాలండి అయ్యగారూ. తప్పుగా అనుకోకండి. మీరే అందరికీ స్వస్థత కోసం ప్రార్థన చేస్తారు కదండీ. మీకే గొంతు పోయిందని చెప్తే కొత్తగా వచ్చేవాళ్లు ఏమనుకుంటారు? ఉపవాసం అంటే ఎంత గంభీరంగా ఉందో చూడండి. అయినా ఉపవాసంలో మాట్లాడరు, మీరూ మాట్లాడరు. పెద్ద తేడా ఏముందండి?"

తేడా అన్నంలో ఉందని చెప్పడానికి నాకు నోరు లేదు.

అప్పుడు నేనే మూడు గ్రూపుల్లోనూ మళ్లీ రాశాను: నేను ఉపవాసంలో లేను, మూడు పూటలా తింటున్నాను. దానికి వరసగా చేతులు జోడించిన బొమ్మలు వచ్చాయి. మిర్యాలగూడ నుంచి ఒకావిడ, "మా అయ్యగారి తగ్గింపు జీవితానికి స్తోత్రం" అని రాసింది. తగ్గింపు అంటే మావాళ్ల మాటల్లో వినయం. కారణం గుర్తొచ్చి తల పట్టుకున్నాను. మొన్నటి శ్రమ దినాల్లో, అంటే ఈస్టరుకు ముందు నలభై రోజుల్లో, మూడు ఊళ్లలోనూ నేనే గట్టిగా చెప్పాను, ఉపవాసం ఉన్నవాడు తల దువ్వుకుని, మొహం కడుక్కుని, తాను ఉపవాసం ఉన్నట్టు ఎవరికీ తెలియనివ్వకూడదని. నా ప్రసంగాలు ఎవరూ గుర్తుపెట్టుకోరని ఎప్పుడూ బాధపడేవాణ్ణి. గుర్తుపెట్టుకున్న ఒక్క ప్రసంగం ఇదయింది. ఇప్పుడు తిన్నానని ఎంత చెబితే అంత ఉపవాసం ఉన్నట్టు లెక్క.

అందుకని ఎవరూ రాలేదు. ఎవరూ ఫోన్ చేయలేదు. ఆదివారం సాయంత్రం సూర్యాపేట మందిరానికి వెళ్లి వెనక వరసలో కూర్చుంటే, జనం నాకు దూరంగా కుర్చీలు జరుపుకున్నారు. నా కుడిపక్క రెండు, ఎడమపక్క రెండు ఖాళీ. భయభక్తులంటే ఏమిటో ప్లాస్టిక్ కుర్చీలు చూసి తెలుసుకున్నాను. గుప్పెడు బియ్యం మూటలు మాత్రం ఎప్పటిలాగే వచ్చాయి. మెట్ల మీద పెట్టి, చప్పుడు చేయకుండా వెళ్లిపోయేవాళ్లు. డబ్బా నిండి పొంగింది. నేను అన్నం వండుకుని, దాని ఎదురుగా కూర్చుని, దాంట్లో మామిడికాయ పచ్చడి వేసుకుని తినేవాణ్ణి. పచ్చడి అయిపోయాక ఉప్పూ కారం వేసుకున్నాను.

మా ఇల్లు మేడ మీద రెండు గదుల కిరాయిది. కింద ఇంటివాళ్లదే కిరాణా దుకాణం. ఆ ఇంటి ఓనరమ్మ నన్ను ఫాదర్ సారూ అంటుంది. నేను ఫాదర్ని కాదమ్మా, పాస్టర్ని, ఫాదర్లు వేరు, వాళ్లు పెళ్లి చేసుకోరు అని ఎన్నోసార్లు చెప్పాను. "ఏదైతేంది సారూ, ఇద్దరూ మనుషులకు మంచే జెప్తరు గదా" అంటుంది. ఇప్పుడైతే నేను పాస్టర్నని రుజువు చేసుకోవడానికి కూడా ఇంట్లో ఎవరూ లేరు.

ఆమెకు వాట్సాప్ గ్రూపుల సంగతి తెలియదు, ఉపవాసాల సంగతీ తెలియదు. తెలిసిందల్లా పైనుంచి పోపు వాసన రావడం లేదని. ఒక మధ్యాహ్నం మెట్ల కిందనుంచి పిలిచింది. "సారూ, ఉన్నరా?"

ఏం చేయాలో తోచక స్టీలు పళ్లెం మీద చెంచాతో టంగుమని కొట్టాను.

ఆమె పైకొచ్చి గుమ్మంలో నిలబడి చూసింది. నా ముందు పళ్లెంలో తెల్లన్నం, పక్కన ఉప్పు గిన్నె. "ఇదేంది సారూ! గిట్లనా తినేది? మీ దేవుడు కడుపు మాడ్చుకోమన్నడా ఏంది?"

ఫోన్లో టైపు చేసి చూపించాను: డాక్టర్ మాట్లాడొద్దన్నారు, కూర వండటం రాదు.

కళ్లద్దాలు పైకి నెట్టుకుని చదివింది. "గీ ముక్క ముందుగాల చెప్తే ఏంబోయె? మేం లేమా?" అంది. అని, నా మొహం చూసి, కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. "అయ్యో, ఎట్ల జెప్తరు! నోరు లేకపాయె."

ఆ రోజునుంచి మధ్యాహ్నం ఒక గిన్నెలో పప్పో కూరో పెట్టి మెట్ల మీదినుంచి పిలిచేది. నేను పళ్లెం కొట్టేవాణ్ణి. ఒక దెబ్బ అంటే ఉన్నాను, వస్తున్నాను అని. శనివారాలు ఆమెకు ఒక్కపొద్దు, పొయ్యి వెలిగించదు. ఆ విధంగా మా సంఘస్థులు నమ్మిన ఉపవాసం వారానికి ఒక రోజైనా, ఆమె దేవుడి పుణ్యాన, నిజమైంది.

కూర సమస్య తీరింది గానీ తీరనిది ఇంకొకటి ఉంది. మాట్లాడకపోతే ఇల్లు పెద్దదవుతుందని నాకు తెలియదు. రెండు గదులే. అయినా పొద్దున లేచాక ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్లడానికి చాలాసేపు పట్టేది. కింద మిక్సీ తిరుగుతుంది, హైవే మీద లారీల హారన్లు, ఎదురు బళ్లో పిల్లల ప్రార్థన. అన్నీ మాట్లాడుతున్నాయి, నేను తప్ప. ఇంతకుముందు ఇంట్లో నేనెంత మాట్లాడేవాణ్ణో అప్పుడు తెలిసింది. తాళం తీసి లోపలికొస్తూ, "ఇదిగో, వచ్చాను" అనేవాణ్ణి. ఆమె ఉన్నప్పుడు మొదలైన అలవాటు. ఆమె పోయాక కూడా అంటూనే ఉన్నాను, మూడేళ్లూ. జవాబు రాకముందే ఏదో ఒక పాట అందుకునేవాణ్ణి, వెంటనే ఏ ఇంటికో ఫోన్ చేసేవాణ్ణి. ఇప్పుడు అనడానికి లేదు. అననప్పుడు ఆ గుమ్మం దగ్గర నిశ్శబ్దం ఎంత ఉందో స్పష్టంగా వినిపించేది.

ఆదివారాలు మరీ కష్టం. పొద్దున్నే బట్టలు వేసుకుని, దువ్వుకుని, సాయంత్రందాకా ఎక్కడికీ వెళ్లకుండా కుర్చీలో కూర్చునేవాణ్ణి. పదకొండింటికల్లా కోదాడ గ్రూపులో ఫొటోలు వచ్చేవి. మా సంఘ పెద్ద నిలబడి వాక్యం చెబుతున్నాడు, కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. మిర్యాలగూడ వాళ్లు వాయిస్ పంపారు: "అయ్యగారూ, చెప్పేటోళ్లు లేరని పాటలే ఎక్కువ పాడుకున్నం. శానా ఆదరణగ ఉండె." నేను లేకపోయినా సంఘం నిలబడి ఉన్నందుకు దేవునికి కృతజ్ఞతలు చెప్పాలి. చెప్పాను. కాకపోతే వెంటనే నోరు రాలేదు. నోరు లేదు కాబట్టి ఆ ఆలస్యం ఎవరికీ తెలియలేదు.

నెల సగం దాటాక ఒక బుధవారం పొద్దున కోదాడ నుంచి ఫోన్ వచ్చింది. మా సంఘ పెద్దే. "అయ్యగారూ, అమ్మ ప్రభువునందు నిద్రించిందండి. తెల్లారి లేపితే లేవలేదు. మధ్యాహ్నంలోపే భూస్థాపన చేసేద్దామనుకుంటున్నాం. మీరు వస్తే చాలండి. మాట్లాడొద్దు. ఊరికే వచ్చి నిలబడండి."

నేను ఫోన్ మీద గోటితో ఒక్కసారి కొట్టాను. ఆయనకు అర్థమైంది.

కోదాడలో మా సంఘం మొదలైందే ఆ పెద్దమ్మ వాకిట్లో. తర్వాత వీధి చివర రేకుల మందిరం కట్టుకున్నాం గానీ, ఆదివారం భోజనం మాత్రం ఎప్పుడూ ఆమె ఇంట్లోనే. నేను తిని చేయి కడుక్కునేలోపల వేపచెట్టు నీడన నవారు మంచం వాల్చి, దాని మీద ఉతికిన దుప్పటి పరిచేది. "కాసేపు నడుం వాల్చండి అయ్యగారూ. మిర్యాలగూడ ఎక్కడికీ పారిపోదు."

"వచ్చే వారం పడుకుంటానమ్మా" అనేవాణ్ణి, బండి స్టాండు తీస్తూ.

"వచ్చే వారం, వచ్చే వారం! పోయిన వారం కూడా ఇదే చెప్పారు. ఆ వచ్చే వారం ఏ నెలలో వస్తదో చెప్తే అప్పుడే దుప్పటి ఉతుకుతానండి."

నవ్వి వెళ్లిపోయేవాణ్ణి. బండి మలుపు తిరుగుతుంటే అద్దంలో ఆమె వంగి దుప్పటి మడత పెడుతూ కనిపించేది.

హైవే మీద కోదాడ వైపు వెళుతూ నేను ఒక నిర్ణయానికి వచ్చాను. ఒక్క ప్రార్థన చేస్తాను. అయిదు నిమిషాలు. మెల్లగా, మైకు లేకుండా. అంతమాత్రానికి గొంతు పోతే పోనీ. డాక్టరు మాటా, ఆపరేషన్ భయమూ గుర్తు లేక కాదు. ఇన్నేళ్లు అన్నం పెట్టిన మనిషిని మట్టిలో పెడుతుంటే పాస్టరు నోరు మూసుకుని నిలబడటమేమిటని. హెల్మెట్ లోపల, మనసులోనే, ఆ ప్రార్థనను మొదటినుంచి చివరిదాకా రెండుసార్లు చెప్పుకున్నాను. మంచి ప్రార్థన. చాలా బాగా కుదిరింది.

మా సమాధుల తోట ఊరి బయట, సాగర్ కాలువకు అవతల ఉంది. పెట్టెను దించారు. పాట అయిపోయింది. అందరి కళ్లూ నావైపు తిరిగాయి. ఇన్ని రోజుల మౌనం తర్వాత అయ్యగారు ఏం పలుకుతారోనని కొందరి మొహాల్లో భయం కూడా ఉంది. నేను ఊపిరి తీసుకున్నాను. నోరు తెరిచాను.

సంఘ పెద్ద నా భుజం మీద చేయి వేశాడు. "వద్దండి" అన్నాడు, నాకు మాత్రమే వినబడేలా. "అమ్మ ఒప్పుకోదు. నిన్న రాత్రి కూడా మీ గొంతు గురించే అడిగింది. అయ్యగారు సరిగ్గా పడుకుంటున్నారా అని."

తర్వాత ఆయనే కళ్లు మూసుకుని ప్రార్థన అందుకున్నాడు. తల్లి కోసం మొదలుపెట్టాడు గానీ నాలుగు మాటలకే దారి తప్పాడు. "ప్రభువా, మా అమ్మకు అబద్ధం అంటే పడదు. అది నీకూ తెలుసు. మా అయ్యగారు ఉపవాసంలో లేరు ప్రభువా. ఆయనకు గొంతు బాగోలేదు. ఉపవాసం అని గ్రూపులో పెట్టింది నేను. పరువు పోతదని పెట్టాను ప్రభువా. ఆయన తింటున్నానని చెప్పినా ఎవరూ నమ్మలేదు..."

ప్రార్థన మధ్యలో కళ్లు తెరవకూడదు. కానీ ఆ క్షణంలో అందరూ తెరిచారు. నేనూ తెరిచాను. ఆడవాళ్లు నన్నూ నా బుగ్గల గుంటలనూ చూస్తున్నారు. ఒకావిడ పక్కామె చెవిలో, "అయితే అయ్యగారు ఇన్ని రోజులు ఏం తిన్నారే?" అనడం నాకు వినిపించింది. నవ్వొచ్చింది. ఆ నవ్వు పైకి రాబోయి, దారిలో ఎక్కడో మారిపోయి, ఏడుపుగా వచ్చింది.

నేను ఎన్నో సమాధుల దగ్గర నిలబడ్డాను. ప్రతిచోటా మాట్లాడుతూనే నిలబడ్డాను. చదవడం, చెప్పడం, ఓదార్చడం. నా భార్య సమాధి దగ్గర కూడా. మాట ఉన్నంతసేపు ఏడుపుకు దారి దొరకదు. ఆ రోజు చేతిలో పుస్తకం లేదు, నోట్లో మాట లేదు. పిడికెడు మట్టి మాత్రం ఉంది. అది వేశాక చేయి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పెద్దమ్మ కోసం ఏడుస్తున్నానని అందరూ అనుకున్నారు. నిజమే, ఆమె కోసం కూడా. శబ్దం రాకుండా ఏడవమని డాక్టరు చెప్పలేదు గానీ, శబ్దం రాలేదు.

పెద్దమ్మ ఇంటికొచ్చాక వాకిట్లో భోజనాలు పెట్టారు. నా ఆకులో వంకాయ కూర మూడుసార్లు వేశారు, మూడోది అడక్కుండానే. తిని చేయి కడుక్కుని తిరిగేసరికి వేపచెట్టు కింద మంచం కనిపించింది. వచ్చినవాళ్లు కూర్చుంటారని ఎవరో వాల్చారు గానీ ఎవరూ కూర్చోలేదు. తలగడ దగ్గర దుప్పటి మడతలోనే ఉంది. నేనే పరుచుకున్నాను. ఒకవైపు లాగితే ఇంకోవైపు ముడతలు పడింది. ఆమె ఎలా పరిచేదో ఒక్కసారైనా నిలబడి చూసి ఉండాల్సింది. చివరికి ముడతల మీదే పడుకున్నాను. తుఫానులో పడవ వెనక భాగాన తలగడ వేసుకుని ప్రభువు నిద్రపోయాడని ఎన్నిసార్లు చెప్పానో. ఆయన నిద్రపోయిన సంగతి వదిలేసి, లేచి గాలిని గద్దించిన సంగతే ఎప్పుడూ గట్టిగా చెప్పేవాణ్ణి. మావాళ్లలో మనిషి చనిపోతేనే విశ్రాంతిలోకి ప్రవేశించారని గౌరవంగా రాస్తాం. బతికుండగా మధ్యాహ్నం పడుకుంటే ఏమంటామో నాకు తెలుసు. అలా అనుకుంటూ ఉండగానే నిద్రపట్టింది.

లేచేసరికి ఎండ వాలింది. మంచం చుట్టూ వాకిలి ఊడ్చేసి ఉంది, మంచం కింద తప్ప. నా చెప్పులు నీడలోకి జరిపి ఉన్నాయి. సంఘ పెద్ద అరుగు మీద కూర్చుని ఉన్నాడు, తల్లిని పోగొట్టుకున్న మనిషి, నా నిద్రకు కాపలా కాస్తున్నట్టు.

"గట్టిగా నిద్రపోయారండి" అన్నాడు.

గురక పెట్టానా అని చేత్తో సైగ చేశాను.

"పెట్టారండి. మైకు లేకుండానే వీధి చివరిదాకా వినబడింది. గురకకు డాక్టరు గారు ఒప్పుకున్నారా?"

ఇద్దరం నవ్వాం. ఆయన ముందు ఆపేశాడు.

నెల తిరిగాక డాక్టరు మళ్లీ గొట్టం పంపి తెర మీద చూపించారు. బుడిపెలు ఉన్నాయి, కానీ చిన్నవయ్యాయి. పొరుగువాళ్లు రాజీకి వచ్చినట్టు కనిపించారు. "ఆ అనండ్రి" అన్నారు. అన్నాను. బొంగురుగా, కొత్తగా, ఎవరో ముసలాయన గొంతులా వచ్చింది. "ఆపరేషన్ అక్కెర లేదు. కానీ ఇగ పాత లెక్క నడవదు సార్. వారానికి ఒక్కసారే ప్రసంగం. మూడు చేసిన్రంటే మళ్ల నా దగ్గరికే వస్తరు."

దవాఖాన మెట్లు దిగుతూ, గొంతు వచ్చిందని ఎవరికి మొదట చెప్పాలా అని ఫోన్ తీశాను. పేర్లు పైకీ కిందికీ జరిపాను. మళ్లీ జేబులో పెట్టుకున్నాను. ఇంటికెళ్లి తాళం తీసి, గుమ్మంలో నిలబడి, "ఇదిగో, వచ్చాను" అన్నాను. ఈసారి పాట అందుకోలేదు. జవాబు ఎంతసేపు రాదో అంతసేపు నిలబడి, తర్వాత చెప్పులు విప్పుకుని లోపలికి వెళ్లాను.

ఇప్పుడు ఒక ఆదివారం కోదాడ, ఒక ఆదివారం మిర్యాలగూడ, ఒక ఆదివారం సూర్యాపేట. నేను లేని చోట వాళ్లే నడిపించుకుంటున్నారు. సంఘ పెద్ద వాక్యం బాగా చెబుతున్నాడని కోదాడ వాళ్లు నాతోనే చెబుతారు. బాగానే చెబుతాడు. కొంచెం పొడుగెక్కువ. ఆ మాట అనే హక్కు నాకు లేదు.

ఆదివారం రాత్రి ఇంటికి రాగానే బండి తాళంచెవి బియ్యం డబ్బాలో దాస్తున్నాను. మోచేతి దాకా బియ్యంలోకి దించి, అడుగున వదిలి, పైన సమం చేస్తాను. దాచింది నేనే కాబట్టి ఎక్కడుందో నాకు తెలుసు. వెతుక్కోవడానికి లేదు, కోప్పడటానికి ఎదురుగా ఎవరూ లేరు. సోమవారం పొద్దున అది నన్ను పిలుస్తూనే ఉంటుంది. తుంగతుర్తిలో ఎవరికో జ్వరం ఉండే ఉంటుంది. కుర్చీలో కూర్చుంటాను. లేస్తాను. మళ్లీ కూర్చుంటాను. కొన్ని సోమవారాలు నిద్రపడుతుంది, కొన్ని సోమవారాలు కన్నీళ్లు వస్తాయి, కొన్ని సోమవారాలు ఏమీ జరగదు.

మొన్న సోమవారం మధ్యాహ్నం కిందనుంచి ఓనరమ్మ పిలిచింది. "సారూ, ఉన్నరా?"

నేను అలవాటు కొద్దీ చెంచాతో పళ్లెం కొట్టాను.

"నోరొచ్చింది గదా సారూ! ఇంక గంట కొట్టుడేంది?"

"ఉన్నానమ్మా" అన్నాను.

"ఇయ్యాల బండి ఈడనే ఉంది. యాడికి పోలేదా?"

"పోలేదమ్మా. తాళంచెవి దాచేశారు."

"ఎవరు దాచిన్రు?"

జవాబు చెప్పడానికి కొంచెం ఆలస్యమైంది. గొంతు వల్ల కాదు. "మా ఇంట్లోవాళ్లు" అన్నాను.

ఆమెకు నా భార్య బాగా తెలుసు. సాయంత్రాలు ఇద్దరూ ఆ మెట్ల మీదే కూర్చుని ఆకుకూర తెంపుకునేవాళ్లు.

"మంచి పని జేసింది" అంది. "గోంగూర పప్పు పెట్టిన. సల్లారకముందు వచ్చి గిన్నె తీస్కపోండ్రి."